అరచేతిలో వేలు

1983 ఫిబ్రవరి 9

ఈ రోజు సాయంత్రం ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇది రాయడానికే డైరీ తెరిచాను. ఎరువుల కొట్టు రామానుజం కొత్త సంవత్సరానికి ఇచ్చింది. చాకలి పద్దుకు పనికొస్తుందని అలమారలో పడేశాను. పద్దు సంగతి తర్వాత. ఆయన స్టేషన్ దాకా నడిచి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుని, ఏదో అడగబోతూ, ఊరికే ఆయన అరచేతిలో చెయ్యి పెట్టాను. వేళ్ళు మూసుకున్నాయి. గట్టిగా. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత గట్టిగా పట్టుకున్న మనిషి కాదు. నలుగురూ చూస్తారని సిగ్గుపడేవాడు. నలుగురూ లేనప్పుడు ఇంకా సిగ్గుపడేవాడు.

ముఖం మాత్రం నా వైపు తిప్పలేదు. తిరువళ్ళూరు మణవాళనగర్‌లో మా ఇంటి వరండాలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. అటే చూస్తూ "బండి వస్తాంది" అన్నాడు. కాసేపటికి అరక్కోణం బండి నిజంగానే వచ్చి వెళ్ళింది. అప్పటికీ వేళ్ళు అలాగే ఉన్నాయి.

దీపావళి నుంచి నేను ఎదురు చూసింది ఇంతే. ఇంక దేవుణ్ణి ఏమీ అడగను.

ఫిబ్రవరి 10

నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. పట్టుకున్నాడు. నేను లాక్కోబోయినా వదల్లేదు.

ఫిబ్రవరి 27

పక్కింటి మునెమ్మతో పేచీ. రైసుమిల్లు పనికి పోయేముందు పిల్లల కోసం బెల్లం పణియారాలు చేసి మూత పెట్టి పోయిందట. ఈయన వాళ్ళింట్లోకి వెళ్ళి, మూత తీసి, నిలబడినచోటే గిన్నె ఖాళీ చేసి వచ్చాడు.

"తిన్నదానికి కాదక్కా నేను జెప్పేది," అంది మునెమ్మ. "మా చిన్నది ఎదురుగా నిలబడి ఏడస్తా ఉంటే దాని మొకం గూడా చూడకుండా తిన్నాడు. అన్న అట్లాంటి మనిషి కాదు గదా. మా పిల్లోళ్ళకి పెట్టినాకనే తినే మనిషి. అన్నకి ఏదో ఒంట్లో సరిగా లేదు."

"ఏమీ లేదు. ఆకలైంది, తిన్నాడు."

"ఫ్యాక్టరీలో గూడా ఇట్లనే జేసినాడంట గదా."

నాకు ఒళ్ళు మండింది. పట్టాభిరామ్ ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా తల నెరిసిన మనిషిని, తోటివాళ్ళ టిఫిన్ క్యారియర్లు విప్పి తింటున్నాడని దీపావళి ముందు ఇంటికి పంపేశారు. ఫోర్‌మన్ తల్లి పోయిందన్న కబురు వింటే నవ్వాడట. ఎవరికైనా ఒక్కోసారి నవ్వు తప్పుచోట వస్తుంది. పోయినేడు మా అమ్మను పాడె మీద పెట్టినప్పుడు ఈయన వచ్చి వడలు ఎప్పుడు వేస్తారని అడిగాడు. అది దిగులు వల్ల. దిగులు ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా బయటపడుతుంది.

"జబ్బంటే మర్చిపోవాల గదా," అన్నాను మునెమ్మతో. "ఈయనకు అన్నీ గుర్తుండాయి. మా పెండ్లి తేదీ అడుగు, చెప్తాడు. నీ పిల్లోళ్ళ పేర్లు అడుగు, చెప్తాడు. రోజూ లైను గేటు దాటి, తంగరాజు టీకొట్టు కాడ నిలబడి, ప్లాట్‌ఫారం కడాకు పోయి ఆ బెంచీ మీద కూర్చోని ఇంటికొస్తాడు. ఒక్కనాడు దారి తప్పినాడా?"

మునెమ్మ పాపం అన్నట్టు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. రేపు బెల్లం కొని వాళ్ళింట్లో ఇచ్చెయ్యాలి.

మార్చి 6

మధ్యాహ్నం కునుకులో కల. ప్లాట్‌ఫారం నిండా ఆయనే. ప్రతి బెంచీ మీదా ఆయనే, అదే తెల్లచొక్కా, అదే చూపు. నా ఆయన ఎవరో తెలియాలంటే ఒక్కొక్కరి చేతిలో చెయ్యి పెట్టి చూడాలి. పెడుతూ పోయాను. అందరూ పట్టుకున్నారు.

మెలకువ వచ్చేసరికి ఎండ వరండా దిగిపోయింది. ఆయన వంటింట్లో చక్కెర డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు.

మార్చి 20

తిరుత్తణి నుంచి వదిన వచ్చింది. గోవిందమ్మ వదిన ఈయనకు అక్క మాత్రమే కాదు. పురిట్లోనే తల్లి పోతే, గౌను తొడుక్కునే వయసులో ఈయన్ను చంకనెత్తుకుని పెంచింది. తమ్ముడి మీద ఈగ వాలితే తన కంటి మీద వాలినట్టు ఉంటుంది ఆమెకు.

ఈ రోజు ఈగ నిజంగానే ఆయన పెదవి మీద వాలింది. తోలుకోలేదు. వదిన ఎదురుగా కూర్చుని తన కంటి ఆపరేషన్ సంగతి, పాలావు చచ్చిపోయిన సంగతి ఏడుస్తూ చెప్పింది. ఈయన ఆమె సంచీలో చెయ్యి పెట్టి అరటిపండు తీసుకుని తిన్నాడు. "బండి వస్తాంది" అన్నాడు.

నేనయితే తల కొట్టుకునేదాన్ని. వదిన మాత్రం ఏడుపు ఆపి, చాలాసేపు ఆయన్నే చూసి, రెండు చేతులూ జోడించింది.

"చూసినావామ్మే వనజా," అంది. "సంతోసం లేదు, దుక్కం లేదు. వీడికి అన్నీ తెగిపోయినాయి. మా తాత తమ్ముడొకాయన ఇట్లనే కొండకాడికి పోయి కూర్చున్నాడంట. మాటా పలుకూ లేదు. ఎవురేమి పెట్టినా తినేది. సిద్ధరు సామి అని ఊరంతా మొక్కినారు."

"సామికి మునెమ్మ పణియారాల మీద అంత ఆశ ఎందుకు వదినా?"

"సాములకు నీదీ నాదీ అని ఉండదు."

నవ్వు ఆపుకోలేకపోయాను. వదిన మాత్రం నవ్వలేదు. పోయేటప్పుడు తమ్ముడి కాళ్ళకు మొక్కి పోయింది. నవ్వాను గానీ చాలా రోజుల తర్వాత బాగా నిద్ర పట్టింది. ఇంతకాలంగా ఇంటి చుట్టూ తిరుగుతున్న మాటలన్నింటిలోకీ ఈ మాటే మెత్తగా ఉంది.

ఏప్రిల్ 24

తిరుత్తణి. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చారని ఇద్దరం వచ్చి ఉన్నాం. వదిన భర్త ఏకాంబరం అన్నకు కొండమెట్ల మొదట్లో కర్పూరం, టెంకాయల కొట్టు. కొట్టు పక్కన వేపచెట్టు కింద తాటాకు చాప పరిచి ఈయన్ను కూర్చోబెట్టారు. ఏకాంబరం అన్న మంచివాడు, ఈ మాట రాసి పెట్టుకోవాలి. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఉదయం కొట్టు తెరిచేముందు బామ్మర్ది కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తల మీద చల్లుకుంటాడు.

ఇక్కడ అన్నీ కలలో జరిగినట్టు జరుగుతున్నాయి. మెట్లెక్కే జనం పసుపు గుడ్డల్లో మెల్లగా పైకి తేలిపోతున్నట్టు కనిపిస్తారు. కర్పూరం పొగలో ముఖాలు వచ్చి వంగి మాయమవుతాయి. ఒక పడుచు వచ్చి పిల్లలు లేరని ఏడ్చి, ఆయన చేతిలో చెయ్యి పెట్టింది. వేళ్ళు మూసుకున్నాయి. ఆమె లాక్కోబోయింది. వదల్లేదు. "సామి పట్టుకున్నాడు" అని చుట్టూ ఉన్నవాళ్ళు అన్నారు. ఆమె ఆనందంతో ఇంకా ఏడ్చింది.

నాకు కొంచెం మంటగా అనిపించింది. ఎందుకో రాయను.

తర్వాత ఆ పడుచు నా కాళ్ళకు మొక్కి "అమ్మా" అంది. నాకూ పిల్లలు లేరని ఆమెకు తెలియదు. బాగుంది. బాగుందనే రాస్తున్నాను, ఎవరు చదవబోతారు గనక.

మే 3

ఎవరో ఇచ్చిన విభూతి పిడికెడు నోట్లో వేసుకున్నాడు. జనం మురిసిపోయారు.

మే 11

మెట్లు కాలిపోతున్నాయి. చెప్పులు లేకుండా నడినెత్తి ఎండలో నిలబడ్డాడు, కదలడు. పిలిస్తే రాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. భక్తులు ఆ బొబ్బలకు కుంకుమ పెట్టారు. నేను వెన్న రాశాను.

మే 12

వెన్న నాకేశాడు.

జూన్ 12

బడి తెరిచారు. ఆయన్ను తిరుత్తణిలోనే వదిలి ఒక్కదాన్నే వచ్చాను. శనివారం శనివారం పోయి చూసి వస్తే సరిపోతుంది. అక్కడ చూసుకునేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ నేను బడికి పోతే ఆయన పక్కిళ్ళ గిన్నెలన్నీ తిరుగుతాడు. ఇదే మంచిది.

తాళం తీసి ఇంట్లోకి రాగానే పడుకున్నాను. ఎవరూ లేపలేదు. చక్కెర డబ్బా పెట్టిన చోటే ఉంది.

ఇదే మంచిది.

జూన్ 26

మునెమ్మ వచ్చి గడప మీద కూర్చుంది.

"అన్న యాడ?"

చెప్పాను. సిద్ధరు సామి అంటున్నారని కూడా చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను.

"సామైతే నా బిడ్డ ఏడుపు వినపడకుండా ఉంటుందా అక్కా," అంది. "నాకు సామి సంగతి తెల్దు. మా తమ్ముడు మద్రాసు పెద్దాసుపత్రిలో వార్డు పని చేస్తాడు గదా. తలకాయ డాక్టరుండాడంట. ఒకతూరి చూపించు. సామైతే డాక్టరు మొక్కి పంపిస్తాడు. పోయేదేముంది."

శనివారం తిరుత్తణి పోయినప్పుడు ఈయన దగ్గడం విన్నాను. తింటూ దగ్గుతున్నాడు. నమిలేలోపే ఇంకోటి నోట్లో పెట్టుకుంటున్నాడు. ఏకాంబరం అన్న మెట్ల పక్కన గుడిసె వేయిస్తున్నాడు. కొండ మీది స్వామికి చేసే ఆడి కృత్తిక పండగ నాడు ఆయన్ను అందులో కూర్చోబెడతారట. "అందులో కూర్చున్నాక ఇంక ఇల్లు లేదు చెల్లెలా," అన్నాడు. "సంకల్పం చెప్పుకున్నాము. సామి ఇంక కొండదే."

తల ఊపి వచ్చాను. బస్సులో ఆడి కృత్తికకు ఇంకా ఎన్ని శనివారాలున్నాయో లెక్కపెట్టుకున్నాను.

జులై 14

ఏమీ రాయను.

జులై 16

రాస్తాను.

దగ్గుకు చూపిస్తానని వదినకు చెప్పి మద్రాసు తీసుకుపోయాను. డాక్టరు నెల్లూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. తెలుగులోనే మాట్లాడాడు. మద్రాసు నుంచి అరక్కోణం దాకా స్టేషన్లు చెప్పమన్నాడు. ఈయన బేసిన్ బ్రిడ్జి దగ్గర మొదలుపెట్టి ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. బడిలో నా పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినంత గర్వంగా డాక్టరు వైపు చూశాను.

"మీ ఆవిడ కింద పడి కాలు విరిగిందనుకోండి. ఏం జరుగుతుంది?"

"నడవలేదు," అన్నాడు ఈయన.

"మీరేం చేస్తారు?"

"టీ తాగతా."

డాక్టరు నవ్వలేదు. చెయ్యి చాపమని ఈయన అరచేతిలో తన వేలితో మెల్లగా గీశాడు. వేళ్ళు మూసుకున్నాయి. గట్టిగా. "వదలండి" అన్నాడు డాక్టరు. వదల్లేదు. "వదలమంటున్నాను, వినిపిస్తోందా?" "వినిపిస్తాంది," అన్నాడు ఈయన. వదల్లేదు.

ఆ పట్టు నాదని అనుకున్నాను.

"పుట్టిన బిడ్డకు ఉంటుందమ్మా ఇది," అన్నాడు డాక్టరు. "అరచేతిలో ఏది తగిలినా పట్టుకుంటుంది. పెరిగేకొద్దీ మెదడు ముందుభాగం దీన్ని అణిచి ఉంచుతుంది. ఈయనకు ఆ ముందుభాగం అరిగిపోతా ఉంది. అందుకే మళ్ళీ బయటపడింది."

"ఎవరిదైనా పట్టుకుంటాడా?"

"ఎవరిదైనా. కట్టె పెట్టినా పట్టుకుంటాడు."

పిక్ జబ్బు కావచ్చన్నాడు. అది దాన్ని కనిపెట్టిన డాక్టరు పేరట. మామూలుగా మర్చిపోయే జబ్బు కాదట. మర్చిపోవడం చివర్లో వస్తుందట. ముందు పోయేది అక్కర. ఎదుటి మనిషి ఏడిస్తే మనలో కదిలేది ఏదో ఉంటుంది కదా, అది పోతుందట. సిగ్గు పోతుంది. చాలు అనే ఎరుక పోతుంది, అందుకే నోట్లో కుక్కుకుంటాడు. తీపి మీద ఆశ పెరుగుతుంది. రోజూ అదే దారి, అదే మాట. "ఆయన కావాలని చేయడం లేదు. మీ మీద ప్రేమ పోయి చేయడం కూడా కాదు," అన్నాడు. రెండో వాక్యం ఎందుకన్నాడో నాకు తెలుసు. నా ముఖం చూసి అన్నాడు.

"మందు?"

"లేదమ్మా. అబద్ధం చెప్పను. మెల్లమెల్లగా మాట కూడా పోతుంది. కానీ చెయ్యాల్సింది చాలా ఉంది. తిండి చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే చేతికివ్వండి. మొత్తం ముందు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. అలవాటైన ఇల్లు, అలవాటైన దారి మార్చొద్దు. ఆ దారిలో ఉండేవాళ్ళందరికీ జబ్బు సంగతి చెప్పండి. మీరొక్కరే మొయ్యలేరు. దాచిపెట్టేవాళ్ళు ముందు కూలిపోతారు. నేను చూస్తానే ఉంటాను."

తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అరచెయ్యి తెరిచి తొడ మీద పెట్టుకున్నాడు. నేను నా చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. తిరువళ్ళూరు వచ్చేదాకా చుట్టుకునే ఉన్నాను.

జులై 17

మళ్ళీ తిరుత్తణిలో దిగబెట్టి వచ్చాను. వదినకు ఇప్పుడే చెప్పలేను. ఆమె ప్రాణాలన్నీ ఆడి కృత్తిక మీదే ఉన్నాయి. పండగ అయ్యాక చెప్తాను. ముక్కలు చేసి పెట్టమని మాత్రం ఏకాంబరం అన్నతో అన్నాను.

"అదెట్లమ్మా," అన్నాడు. "భక్తులు సామికి పండు పండుగా ఇయ్యాల. కత్తి తగిలింది ఇయ్యకూడదు."

నిజమే, ఇవ్వకూడదు. మా ఇంట్లోనూ ఇవ్వం. డాక్టరుకు ఇవన్నీ ఏం తెలుసు.

పండగ అయ్యాక చెప్తాను.

ఆగస్టు 3

నిన్న ఆడి కృత్తిక.

పొద్దున్నుంచి కొండంతా పూల కావళ్ళే. "అరోగరా" అని భక్తులు స్వామిని పిలిచే అరుపు మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి గుడిసె ముందు పందిట్లో పడేది. గుడిసెకు మామిడాకులు కట్టారు. ఆయనకు కొత్త కాషాయం కట్టి, మెడ నిండా చేమంతులు వేశారు. ముఖం నిగనిగలాడుతోంది. ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఇన్నేళ్ళూ దేవుడితో కాపురం చేసి తెలుసుకోలేకపోయానా అనిపించింది.

ఆడవాళ్ళు వరసలో వచ్చి తలా ఒక అరటిపండు ఒలిచి ఆయన చేతిలో పెడుతున్నారు. పండు పండుగా. ఒకటి మింగేలోపు ఇంకోటి. బుగ్గలు ఉబ్బాయి. నేను వెనక కూర్చుని కుంకుమ పొట్లాలు కడుతున్నాను. ఉన్నట్టుండి ఆయన నిటారుగా అయ్యాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరిచాడు, చప్పుడు రాలేదు. రెండు చేతులూ మెల్లగా పైకి లేచాయి. ముఖం ఎర్రబడి, తర్వాత నల్లబడడం మొదలుపెట్టింది.

"సామి వచ్చేసినాడు," అని ఎవరో అన్నారు.

మేళం జోరందుకుంది. వరసలో ఉన్నవాళ్ళందరూ సాగిలపడ్డారు. ఏకాంబరం అన్న కళ్ళ నీళ్ళతో పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఆయన ముఖం ముందు తిప్పుతున్నాడు. వదిన చేతులు జోడించి మైమరచి నిలబడింది. ఇంతమంది ఇంత ప్రేమగా చూస్తుండగా ఆయన ఊపిరాడక చచ్చిపోతున్నాడు.

ఎట్లా లేచానో తెలియదు. హారతి పళ్ళెం తోసేశాను. మెడ వంచి, వీపు మీద అరచేత్తో బలం కొద్దీ కొట్టాను. చేమంతులు రాలాయి. గొంతులోది రాలేదు. మళ్ళీ కొట్టాను. ఎవరో నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు. "సామిని కొడతాంది" అని అరుపులు.

"సామి కాదు," అన్నాను. అరిచాననే అందరూ అంటున్నారు. "మా ఇంటాయన. ఈయనకు జబ్బు. మెదడు జబ్బు. గొంతుకు అడ్డం పడింది, వదలండి."

మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి అక్కడ వచ్చింది, అంతమంది ముందు.

జుట్టు పట్టుకున్న చెయ్యి వదిలింది. వేళ్ళు నోట్లో పెట్టి తవ్వాను. కరిచాడు. తవ్వాను. ముద్ద బయటికి వచ్చింది. ఊపిరి లోపలికి పోయిన చప్పుడు మేళం ఆగిన తర్వాత అందరికీ వినిపించింది. ఆయన దగ్గి, కళ్ళు తుడుచుకోకుండా, కింద పడ్డ ఇంకో పండు కోసం చెయ్యి చాపాడు.

జనం మెల్లగా లేచి పోయారు. పళ్ళెం పడి ఏకాంబరం అన్న చెయ్యి కాలింది. నన్ను ఒక్క మాట అనలేదు. వదిన అంది.

"జబ్బోడా? నా తమ్ముడు జబ్బోడా? ఆ మాట అంతమందిలో చెప్పినావు. ముందే నాతో చెప్పేదానికి నీకు నోరు రాలేదా?"

రాలేదు, నిజమే.

చివరి బస్సుకు ఇంటికి వచ్చేశాం. కాషాయం విప్పి ఆయన తెల్లచొక్కా తొడిగాను. నా వేలికి పళ్ళ గాట్లు ఉన్నాయి.

ఆగస్టు 5

మునెమ్మకు చెప్పాను. మొత్తం చెప్పాను. విని, లేచి, వంటింట్లోకి పోయి మా చక్కెర డబ్బా తీసుకుని తమ ఇంటికి పోయింది. "కావల్సినప్పుడు స్పూను లెక్కన నేనే తెచ్చిస్తా," అంది. అక్కడా ఇక్కడా ఏడవకుండా సూటిగా పనిలోకి దిగేవాళ్ళంటే నాకు ఈర్ష్య.

ఆగస్టు 7

ఆదివారం. ఆయన వెంట ఆయన దారిలో నడిచాను. అంత దూరం ఆయన వెనక నేను ఎప్పుడూ నడవలేదు. ప్రతి చోటా ఆగి చెప్పాలి. మొదటి చోట, అంటే లైను గేటు కాసే మునియప్ప దగ్గర, "మా ఇంటాయనకు..." అని ఆగిపోయాను.

"తెలుసు టీచరమ్మా," అన్నాడు. "ఏదో ఉందని అందరికీ తెలుసు. ఏమిటనేదే తెల్దు. గేటు వేసినప్పుడు అయ్య నిలబడకుండా కింద దూరి పోతాడు. బండి పోయేదాకా పిల్చి నా పక్కన కూర్చోబెట్టుకుంటా ఉండాను."

దీపావళి నుంచి అట్లా కూర్చోబెట్టుకుంటున్నాడట. నేను దారి తప్పకుండా వస్తున్నాడని మురిసిపోతున్నాను.

తంగరాజు టీకొట్టులో ఇంకా కథ ఉంది. ఈయన గాజు సీసాలో చెయ్యి పెట్టి బన్నులు తీస్తుంటాడని, తంగరాజు ఈయన వచ్చే వేళకు సీసాలన్నీ పై అరలో పెడతాడట. "తిట్టేదానికి మనసు రాలేదక్కా. మీరు ఏమన్నా అనుకుంటారని అడగలేదు," అన్నాడు. ముక్కలు చేసి ఇవ్వాలని చెప్పాను. అక్కడే ఒక బిస్కెట్టు నాలుగుగా విరిచి, ఒక్కో ముక్క ఈయన చేతికిస్తూ, ఇది సరేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను కొట్టు పక్కకు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి తంగరాజు నాకూ ఒక టీ ఇచ్చాడు.

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. పట్టాల మీద ఎండ వణుకుతోంది. "బండి వస్తాంది," అన్నాడు. "వస్తుంది," అన్నాను. ఆయన అరచెయ్యి తెరిచి ఉంది. దాని వైపు చూడలేదు.

ఆగస్టు 21

వదిన నుంచి మాటా లేదు, మనిషీ లేదు.

నేను బడిలో ఉన్నప్పుడు మునెమ్మ, ఆమె మిల్లుకు పోతే మునియప్ప భార్య ఆయన్ను చూసుకుంటున్నారు. ఎవరు ఎప్పుడని వాళ్ళే మాట్లాడుకున్నారు, నన్ను అడగనైనా లేదు. నిన్న ఆయన మునియప్ప కూతురి పెళ్ళిచూపుల్లో దూరి లడ్డూలు అడిగాడట. పెళ్ళివాళ్ళకు మునియప్ప భార్య చెప్పిందట, "మా అన్నకు జబ్బు, మీరేమీ అనుకోవద్దు" అని. 'మా అన్న' అంది. చెప్పి, లడ్డూ చిదిపి పెట్టిందట.

సెప్టెంబరు 4

ఈ రోజు నా పేరు అడిగాను. "వనజాక్షి" అన్నాడు. ఠక్కున. పాఠం అప్పజెప్పినట్టు.

అడగకుండా ఉండాల్సింది.

సెప్టెంబరు 18

వదిన వచ్చింది.

గేటు దగ్గర నిలబడి లోపలికి రాలేదు. నేనూ పిలవలేదు. ఇద్దరికీ మొండితనమే. చివరికి "ఎండగా ఉంది వదినా," అన్నాను. వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. అరటిపండ్లు, గోరంత ముక్కలు చేసి తెచ్చింది. కత్తితో కోసి. సామికి కత్తి తగలని పండు ఇచ్చిన ఇంట్లో కోసిన ముక్కలవి.

ఒక్కొక్కటే ఆయన చేతిలో పెట్టింది. ఒకటి మింగాక ఇంకోటి. అట్లా డబ్బా అయిపోయేదాకా.

"మీ అన్న గుడిసె పీకించేసినాడు," అంది తర్వాత. "ఆయనకు నీ మీద కోపం లేదు. మొకం చూపించేదానికి సిగ్గు." తమ్ముడి చొక్కా సర్ది అడిగింది. "వీడికి నేనెవురో తెలుసునా?"

"తెలుసు వదినా. పేరు అడిగితే చెప్తాడు. తెలుసు, అంతే. దాని మీద అక్కర పుట్టదు. ఆ చోటు అరిగిపోయిందంట."

ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకోని మాట. చెప్పాక ఇద్దరం ఏడ్చాం. ఆయన ఖాళీ డబ్బా నాకుతున్నాడు. చూసి వదినకు ఏడుపులోనే నవ్వొచ్చింది, నాకూ వచ్చింది.

వదిన డబ్బా తీసుకుని, ఆయన చెయ్యి కొంగుతో తుడిచి, తన వేలు ఆ అరచేతిలో పెట్టింది. వేళ్ళు మూసుకున్నాయి. గట్టిగా. చెప్పక తప్పలేదు. పుట్టిన బిడ్డలకు ఉంటుందని, మళ్ళీ బయటపడిందని, ఎవరు పెట్టినా పట్టుకుంటాడని, కట్టె పెట్టినా పట్టుకుంటాడని చెప్పాను. అది ప్రేమ కాదని చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

వదిన వేలు తీసుకోలేదు.

"వీడు పుట్టిన పొద్దు మా యమ్మ పోయింది," అంది. "అందురూ ఆడ ఏడస్తా ఉండారు. వీణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టినారు. ఇట్లనే నా వేలు పట్టుకున్నాడు. ఇంతే గట్టిగా. అప్పుడు మాత్రం నేనెవురో వీడికి తెలుసునామ్మే? నామీద వీడికి ఏం ప్రేమ ఉంది? పట్టుకున్నాడు. నేను పెంచినాను."

అరక్కోణం బండి వచ్చి వెళ్ళింది. ఈ రోజు ఆయన దాని మాట ఎత్తలేదు. మాట మెల్లగా తగ్గుతోంది, డాక్టరు చెప్పినట్టే.

ఆదివారాలు తను వచ్చి ఉంటానని, నన్ను పడుకోమని చెప్పి వదిన లేచింది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుకుని, మొండి బిడ్డను కసిరినట్టు ఆయన్ను కసిరి, కళ్ళు తుడుచుకుంది. మునెమ్మను కూర్చోబెట్టి వదినను బస్సెక్కించి వచ్చాను.

వచ్చేసరికి ఎండ వరండా దిగింది. మునెమ్మ పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని వెళ్ళిపోయింది. ఆయన పక్కన కూర్చున్నాను. జులై నుంచి ఆయన చేతిలో చెయ్యి పెట్టలేదు. వేలి మీద పళ్ళ గాట్లు మానిపోయాయి, మచ్చ మాత్రం ఉంది. ఆ వేలే ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడని ఇంక ఈ డైరీలో రాయను. పెట్టింది నేను. చీకటి పడేదాకా తియ్యలేదు.